కచ్చూరం వేసిన ఊరిబిండి

మా ఎదురింట్లో ఈమధ్య ఆడబిడ్డ పుట్టింది. పొద్దుటెండ వాకిట్లోకి దిగే వేళకు ఆ బిడ్డ అమ్మమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని, బిడ్డను కాళ్ళమీద బోర్లా వేసుకుని, నూనె పట్టించి సున్నిపిండితో నలుగు పెడుతుంది. పెసలూ ఎండు గులాబీ రేకులూ కచ్చూరాలూ కలిపి ఆడించిన ఆ పిండి వేడినీళ్ళకు తడవగానే లేచే వాసన వీధి దాటి మా వరండా దాకా వస్తుంది. కచ్చూరం అల్లం లాంటి ఒక దుంప. ముక్కలు కోసి ఎండబెట్టి మూలికల అంగళ్ళలో అమ్ముతారు. కర్పూరమూ అల్లమూ తడిమట్టీ కలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది దాని వాసన. మా ఆవిడ దాన్ని చంటిబిడ్డల వాసన అంటుంది. మా వైపు ఎవరిని అడిగినా అదే అంటారు. నాకు మాత్రం ఆ వాసనకు ఆకలేస్తుంది. పొగలు కక్కే రాగిసంగటి ముద్ద, దాని నడుమ బొటనవేలితో చేసిన గుంట, ఆ గుంటలో చెనక్కాయ గింజల ఊరిబిండి, అదే వేరుశనగల రోటిపచ్చడి, కళ్ళముందుకు వస్తాయి.

ఆ ఊరిబిండి గురించి నేను ఇదివరకు రాశాను. పుంగనూరు దగ్గరి పల్లెలో మా అవ్వ రోటి ముందు కూర్చుని నూరిన తీరు, అందులో కచ్చూరం వేసే రహస్యం, అది తరతరాలుగా మా ఇంట్లో ఆడవాళ్ళ చేతుల్లో దిగివచ్చిన వైనం, అన్నీ ఇష్టంగా రాశాను. చదివినవాళ్ళు మెచ్చుకున్నారు. కొందరు చేసుకుని తిన్నామని కూడా చెప్పారు. ఆ వ్యాసాలలో ఉన్నది నిజం కాదు. ఆ వంటకం మా అవ్వది కాదు, పుంగనూరిది కాదు, మన దేశానిదే కాదు. అది మా చిన్నమ్మది. సరిచేయవలసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను కాబట్టి ఇది రాస్తున్నాను.

తొంభైల మొదట్లో మేం మదనపల్లెలో, ఆసుపత్రి వెనకాల మిషను కాంపౌండులో ఉండేవాళ్ళం. మా నాన్న కాంపౌండరు. చలికాలం పొద్దున్నే మంచు చర్చి గోపురాన్ని మింగేసి ఎనిమిదింటికి గాని వదిలేది కాదు. స్వెట్టర్లు వేసుకుని, నోట్లోంచి పొగ వదులుకుంటూ, మేమేదో బీడీలు తాగుతున్నట్టు రెండు వేళ్ళు పెదాలకు ఆనించుకుని బడికి పోయేవాళ్ళం. టమోటా కాలంలో మార్కెట్టు యార్డు నుంచి లారీలు బయలుదేరేటప్పుడు గంపల్లోంచి జారిపడిన కాయలు చక్రాల కింద నలిగి, రోడ్డు ఎర్రగా జిగటగా ఉండేది. ఆ పుల్లవాసన మీదుగా చెప్పులు టపటపలాడించుకుంటూ నడిస్తే ఇంట్లో తిట్లు. నీరుగట్టువారిపల్లె వైపు పోతే మగ్గాల చప్పుడు, దారం తీసే షెడ్ల దగ్గర పట్టుగూళ్ళు ఉడికే కంపు. మొదటిసారి వచ్చినవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు గాని మాకది అన్నం ఉడికే వాసనంత మామూలు. పురుగులు పెంచే ఇళ్ళలో తట్టల నిండా అవి మల్బరీ ఆకు తింటుంటే, ఇస్త్రీకి ముందు ఎవరో బట్టల మీద నీళ్ళు చిలకరిస్తున్నట్టు ఇల్లంతా సన్నటి చప్పుడు.

మా చిన్నాయన ఆ పట్టు పనిలోనే ఉండేవాడు. గూళ్ళనుంచి దారం తీయడం నేర్పే మాస్టరు. ఇండోనేషియాలో కొత్తగా పట్టు పెంచుతున్నారని, నేర్పేవాళ్ళు కావాలని పిలిస్తే పోయి, కొన్నేళ్ళు ఉండి, తిరిగి వస్తూ భార్యను తెచ్చుకున్నాడు. ఆమె పేరు సులస్త్రి. జావా దీవిలో మదియున్ అనే ఊరు. వాళ్ళదీ చర్చికి పోయే కుటుంబమే కనుక మా నాన్న పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. పుంగనూరు పల్లెలో ఉన్న మా అవ్వ మాత్రం కొన్నాళ్ళు పలకలేదు. కాంపౌండులో వాళ్ళు ఆ పేరు పలకలేక సులోచనమ్మను చేసేశారు. ఆమె కాదనలేదు. సన్నగా, పొట్టిగా, నల్లటి జుట్టు బిగించి ముడేసుకుని ఉండేది. ఆరు నెలల్లో తెలుగు వచ్చేసింది, అదీ మా చిత్తూరు తెలుగే. "యాల", "యాడ" అని ఆమె అంటుంటే మా అమ్మ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేది.

చిన్నమ్మ తన దేశం వంటల గురించి ఇంగ్లీషులో రాసేది. బెంగళూరు నుంచి వచ్చే ఒక మాసపత్రికకు, టైపు మిషను మీద, ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుని. ఇండోనేషియా వాళ్ళు పాములు తింటారట గదా అని అడిగేవాళ్ళే గాని అక్కడి అన్నం ఎలా ఉంటుందని అడిగినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. మన బజారులో దొరికే సరుకుతోనే జావా వంట వండవచ్చని చూపించాలని ఆమె పట్టుదల. చింతపండు, బెల్లం, కొబ్బరి, చెనక్కాయలు, ఎండుమిరప, ఇవన్నీ ఇక్కడా ఉన్నాయి, అక్కడా ఉన్నాయి, మరి కూడు ఎందుకు పరాయిదవుతుందని ఆమె వాదన. ప్రతిదీ కొలిచి వండేది. మా అమ్మ చేత్తో ఉప్పు వేస్తే చెయ్యి పట్టుకుని గరిటెలోకి పోయించి, ఎంతో చూసి, అప్పుడు వదిలేది. "చేతికొలత నీతోనే పోతాది అక్కా. గరిటె కొలత సదివినోళ్ళకి పోతాది" అనేది.

ఆమెకు దొరకనిదల్లా ఒక దుంప. వాళ్ళు చెనక్కాయ పచ్చడిలో వేసేది. అల్లం చూసింది, మామిడల్లం చూసింది, పసుపుకొమ్ము విరిచి చూసింది, ఏదీ కాదు. ఒక శనివారం మా అమ్మా, ఆమే, నేనూ బజారుకు పోయినప్పుడు మూలికల అంగడి ముందు టక్కున ఆగిపోయి, బస్తాలన్నిటి మీదా వంగి వాసన చూస్తూ పోయి, కచ్చూరాల బస్తా దగ్గర ఒక ముక్క నోట్లో వేసుకుని నమిలింది. కళ్ళు మూసుకుంది.

అంగడాయన నవ్వాడు. "ఎన్ని నెల్ల బిడ్డమ్మా?"

"బిడ్డ లేదప్పా. కూరాకుకు."

"ఏందీ, కూరాకులోకా? ఇది నీళ్ళు పోసుకునేదానికి తల్లీ! రేపు సబ్బు గూడా ఏస్తావా ఏమి పులుసులో?"

అంగడి ముందు నిలబడినవాళ్ళంతా నవ్వారు. మా అమ్మ కూడా నవ్వింది. చిన్నమ్మ పొట్లం కట్టించుకుంది.

ఆ సాయంత్రం చేసింది మొదటిసారి. వేయించిన చెనగ్గింజలు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, బెల్లం, చింతపండు, దబ్బచెట్టు లేతాకు, ఆ కచ్చూరం, అన్నీ కలిపి నూరి, వేడినీళ్ళతో జారుగా చేసి, ఉడికించిన తూటికూర మీద, అలసంద కాయల మీద పోసింది. దాని పేరు పెచెల్ అని చెప్పింది. నేను వేలితో నాకాను. మళ్ళీ నాకాను. మా నాన్న ఒక ముద్ద తిని, తలంటు పోసుకున్నట్టుందని లేచిపోయాడు. ఆ మాట కాంపౌండంతా పాకింది. వంటికి రాసుకునేదాన్ని కూట్లో వేసే ఆడమనిషని చాన్నాళ్ళు చెప్పుకున్నారు.

కాంపౌండులో ఏటా కోతపండుగ జరిగేది. రైతులు రాగి మూటలు, గుమ్మడికాయలు, చెరుకు గెడలు, కోళ్ళు తెచ్చి చర్చిలో పీఠం ముందు పెట్టేవాళ్ళు. పొలాలు లేని మాబోటివాళ్ళు ఇంట్లో వండిన కజ్జికాయలో, నిప్పట్లో, కేకో తెచ్చేవాళ్ళు. ఆరాధన అయ్యాక వాటన్నిటినీ బయట చింతచెట్టు కింద బల్లలమీద పెట్టి వేలం వేసేవాళ్ళు. దేవుడి సొమ్ము కనుక ఉత్త కోడిగుడ్డును కూడా పోటీపడి పాడుకోవడం గొప్ప. కోడిపుంజు ఒకరి చేతిలోంచి తప్పించుకుని గుమ్మడికాయల మధ్య పరుగెత్తడం, పిల్లలం దాని వెంటపడడం, పాస్టరు అయ్యగారు గౌను ఎత్తిపట్టుకుని పక్కకు తప్పుకోవడం, చెరుకు పిప్పి మీద ఈగలు, కొత్త గౌన్ల గంజి వాసన, వీటన్నిటితో ఆ మధ్యాహ్నం మాకు క్రిస్మస్ కన్నా బాగుండేది.

ఆ ఏడు చిన్నమ్మ పెచెల్ చేసి, అరటాకులో పొట్లాలు కట్టి, వెదురు తట్టలో తెచ్చి బల్లమీద పెట్టింది. అవ్వ కూడా పల్లె నుంచి రాగి మూటతో వచ్చి ఉంది. తట్ట వంతు వచ్చింది. వేలం వేసేవాడు ఏముందోనని ఆకు విప్పి వాసన చూసి, "ఇది తినేదా, పూసుకునేదా?" అన్నాడు. గొల్లుమన్నారు. ఒకటోసారి అన్నాడు. ఎవరూ పలకలేదు. దేవుడి బల్లమీద పెట్టినదాన్ని ఎవరూ పాడకపోవడం అంతవరకు నేను చూడలేదు. చిన్నమ్మ చేతులు కట్టుకుని తట్టనే చూస్తూ నిలబడింది. రెండోసారి అన్నాడు.

"ఆపప్పా నీ సరసం!" అని ఆడవాళ్ళలోంచి మా అవ్వ లేచింది. "నా కోడలు సేసిండేది నేను పాడతా. ఇట్టా తే." తట్ట నెత్తిన పెట్టుకుని పోయి ఎద్దులబండి నీడలో కూర్చుని, అందరూ చూస్తుండగా ఆకు విప్పి తిన్నది. కోపంతో తిన్నదని నేననుకున్నాను. రెండో పొట్లం కూడా విప్పింది.

అవ్వ పల్లెకు మేం దసరా సెలవులకు పోయేవాళ్ళం. అది చెనక్కాయలు పెరికే కాలం. తడినేలలోంచి చెట్టు లాగితే వేళ్ళకు వేలాడుతూ వచ్చే కాయల పచ్చివాసన, మట్టి దులిపే చప్పుడు, కళ్ళంలో గుట్టలు పోసిన కాయల మీద పడి దొర్లడం, ఉప్పేసి ఉడకబెట్టిన కాయలు మధ్యాహ్నమంతా వలుచుకు తిని రాత్రి అన్నం వద్దనడం. బిళ్ళంగోడు ఆడి ఆడి మోచేతులు గీరుకుపోయేవి. కోతపండుగ తర్వాత మొదటి సెలవులకు పోయినప్పుడు అవ్వ రోటి దగ్గర కచ్చూరం వాసన వచ్చింది. మా వైపు ఊరిబిండిలో పచ్చిమిరప, టమోటా, చెనగ్గింజలు వేస్తారు. అవ్వ ఇప్పుడు బెల్లం, దబ్బాకు, కచ్చూరం కూడా వేసి నూరుతోంది. జారుగా కాకుండా సంగటికి తగ్గట్టు ముద్దగా. పక్కింటామె ముక్కెగరేసి అదేం వాసనంటే, "కీళ్ళనొప్పికిలేమ్మే, మందు" అని కసురుకుంది. మేం తిరిగి వచ్చేటప్పుడు అమ్మతో చెప్పింది, "సిన్నదానికి సెప్పు, ఆ తానం దుంప ఇంగొంచెం పంపమను."

అమ్మ ఆ మాట చెప్పిన రోజు చిన్నమ్మ టైపు మిషను ముందునుంచి లేచి వచ్చింది. "ఇన్నేళ్ళు రాసినా గదక్కా, ఎవురు సేసుకున్నారో, ఎవురు పారేసినారో నాకు తెలీదు. ఈమె సేసింది" అంది. రెండుసార్లు అంది ఆ మాట.

చిన్నాయనను కుప్పం వైపు పట్టు పరిశ్రమ ఆఫీసుకు మార్చాక, డిగ్రీకి నేనూ కుప్పం పోయి వాళ్ళింట్లోనే ఉన్నాను. రెండువేల సంవత్సరం అటూ ఇటూ. కుప్పంలో ఒకే వీధిలో తెలుగు, తమిళం, కన్నడం వినిపించేవి. ఒకరి కూడు ఒకరికి వింత కాదు. అక్కడ చిన్నమ్మను ఎవరూ ఎగతాళి చేయలేదు. ఆదివారాలు ఇంటికి నలుగురైదుగురు టీచర్లు, ఆఫీసువాళ్ళు వచ్చి ఆమె వండింది తినేవాళ్ళు, నేర్చుకునేవాళ్ళు. కొబ్బరిపాలలో ఉడికిన పనసకాయ, బూజు పట్టించి బిగించిన సోయాగింజల బిళ్ళలు నూనెలో వేగే వాసన, అరటాకు కమురు, ఆ రెండేళ్ళు ఆ ఇల్లు అలా ఉండేది. కాలేజీలో మాత్రం కొందరు నన్ను జావావాడా అని పిలిచేవాళ్ళు. పెద్ద బాధేమీ కాదు. వినపడనట్టు ఉండేవాణ్ణి.

ఆమె ఇంగ్లీషు వ్యాసాలు చూసి ఒక తెలుగు వారపత్రికాయన ఉత్తరం రాశాడు. వారం వారం జావా వంటలు తెలుగులో వేద్దామని, వచ్చి తిని చూస్తానని. చిన్నమ్మ ఆ వారమంతా ఇల్లు కడుగుతూనే ఉంది. బెంగళూరు పత్రిక చదివేవాళ్ళు ఎవరో ఆమెకు తెలియదు. తెలుగు పత్రికంటే మదనపల్లె కాంపౌండు చదువుతుంది, మూలికల అంగడాయన చదువుతాడు. అవ్వ అప్పుడు కంటి ఆపరేషను చేయించుకుని మాతోనే ఉంది.

ఆయన రైల్లో వచ్చాడు. మంచి మనిషి, భోజనప్రియుడు. అన్నీ తిన్నాడు. పెచెల్ దగ్గర ఆగిపోయాడు. రెండోసారి వడ్డించుకున్నాక అన్నాడు, "అమ్మా, ఏమీ అనుకోవద్దు. ఇది మన ఊరిబిండి కదా?"

"కాదు సార్. మా ఊళ్ళో పొద్దున్నే టిఫిను ఇది" అంది చిన్నమ్మ.

ఆయన అవ్వ వైపు తిరిగాడు. "ఏమ్మా, మీ ఇంట్లో చేస్తారా ఇలాంటిది?"

"సేయకేమప్పా! నా సేతి ఊరిబిండి ఉంటే సంగటి ఇంగో ముద్ద దిగతాది."

"కచ్చూరం వేసేనా?"

"ఏసే. అది లేకుంటే వాసన యాడ్నించి వస్తాది? మా యత్త కాలం నించి ఏస్తాండాం."

అవ్వ అబద్ధమాడిందని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. పదేళ్ళు తన రోట్లో తన చేత్తో నూరింది. అది ఎక్కడినుంచి వచ్చిందో నిజంగానే ఆమెకు గుర్తు లేదు. చిన్నాయన తల్లి మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. పళ్ళెంలోకి చూస్తున్నాడు. పత్రికాయన నన్నడిగాడు, "ఏం బాబూ, అంతేనా?"

ఎందుకన్నానో చాలాసార్లు ఆలోచించాను. మా అవ్వ ఫొటో పత్రికలో పడుతుందనుకున్నానా, కాలేజీలో జావావాడా అనడం మానేస్తారనుకున్నానా, తేలలేదు. "అవున్సార్, నేను పుట్టినప్పటినుంచీ తింటాండాను" అన్నాను. చిన్నమ్మ మా ఇంటికి వచ్చేనాటికి నేను నాలుగో తరగతి.

"ఇంగొంచెం ఏసుకో సార్" అంది చిన్నమ్మ. ఆయనకు వడ్డించింది. నాకూ వడ్డించింది. నేను తిన్నాను.

తర్వాతి నెలలో పత్రికలో అవ్వ ఫొటో వచ్చింది, రోటి పక్కన. జావా వంటల మాట మళ్ళీ రాలేదు. ఇక్కడి వంటను చిన్నమ్మ పరాయి పేరుతో అమ్ముకుంటోందని, తమ పేరు రాయకుండా, ఎవరో బెంగళూరు పత్రికకు ఉత్తరం రాశారట. చిన్నమ్మ తనంతట తానే రాయడం మానేసింది. ఎవరితో గొడవపడలేదు. ఆదివారాల భోజనాలు కూడా కొన్నాళ్ళకు ఆగిపోయాయి. పప్పు, పులుసు, రసం వండేది. మేం అవే తిన్నాం. నేను డిగ్రీ అయ్యాక ఉద్యోగానికి వెళ్ళిపోయాను. అవ్వ పోయింది, కొన్నేళ్ళకు చిన్నాయన పోయాడు. తర్వాత నేను వ్యాసాలు రాయడం మొదలుపెట్టినప్పుడు, బాల్యం గురించి రాయమంటే, చేతికి మొదట వచ్చింది అవ్వ ఊరిబిండే. రాసేటప్పుడు సంకోచం కూడా కలగలేదు. ఆ మాట అప్పటికే అచ్చులో ఉంది మరి.

మొన్న కుప్పం పోయాను. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు మీదుగా బస్సులో. దారం తీసే షెడ్లలో ఇప్పుడు టైల్సు అమ్ముతున్నారు. అవ్వ పల్లెలో చెనక్కాయ వేసేవాళ్ళు లేరు. బోర్లు పడినచోట టమోటా, పడనిచోట ప్లాట్ల రాళ్ళు. కోతపండుగకు ఇప్పుడు డబ్బు కవర్లు ఇస్తున్నారు, వేలం లేదు. చింతచెట్టు ఉన్నచోట బళ్ళు నిలుపుతున్నారు. ఇవన్నీ చూస్తే ఏమైనా అనిపిస్తుందేమోనని చూశాను. ఏమీ అనిపించలేదు.

చిన్నమ్మ అదే ఇంట్లో ఉంది. డెబ్బై దాటాయి. సాయంత్రాలు పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంది. జరిగినదంతా రాసి సరిచేస్తానని, ఆమె పేరు, ఆమె ఊరి పేరు రాస్తానని చెప్పాను. క్షమించమని అడగాలని వచ్చాను గాని ఆ మాట నోటికి రాలేదు.

"నువ్వు రాసిండేవి సదివినా" అంది.

నేను తల దించుకున్నాను.

"బాగా రాస్తావు. కొలతలే తప్పు. సారెడు కచ్చూరమని రాసినావు. సారెడు ఏస్తే సేదుకు ఎవురన్నా నోట్లో పెట్టుకుంటారా? సేసుకున్నోళ్ళు పారేసింటారు. గోరంత. నలుగురికి గోరంత సాలు."

కాగితం తియ్యమంది. తీశాను. వేయించిన గింజలు రెండు గ్లాసులు, పొట్టు ఊది. ఎండుమిరప ఆరు. వెల్లుల్లి నాలుగు రెబ్బలు, పచ్చివి కాదు, నూనెలో వేయించినవి. బెల్లం నిమ్మకాయంత, చింతపండు అందులో సగం. దబ్బాకు రెండు, ఈనె తీసి. కచ్చూరం గోరంత, నానబెట్టి. ఉప్పు చివర. తడబడకుండా చెప్పింది. చదివి వినిపించమంది. వినిపించాను. వెల్లుల్లి దగ్గర ఆపి, వేయించినవి అన్న మాట రాశానో లేదో మళ్ళీ చూడమంది.

"ఆఁ, ఇప్పుడు సరే" అంది.

ఒంటిగంట దాటింది. లోపల పొయ్యిమీద కుక్కరు కూసి ఆగింది. మా వైపు ఆ వేళకు గడప తొక్కినవాణ్ణి, వాడు ఎవడైనా సరే, తినకుండా పంపరు. చిన్నమ్మ తలుపు దాకా వచ్చి, బస్సు ఎన్నింటికో చెప్పింది. నేను చెప్పులు వేసుకున్నాను.